ప్రభుత్వం మారితే ధర్మకర్తలూ మారాలా? లౌకిక రాజ్యంలో గుడి, పార్టీ, ఖజానా

గోదారి_గట్టు

మా గ్రామంలోని శివాలయం దేవాదాయ శాఖ పరిధిలో ఉంది. ఈమధ్యనే కొత్త ధర్మకర్తల మండలి ప్రమాణ స్వీకారం జరిగింది. వేదిక మీద శాసనసభ్యుడు, మండల పార్టీ అధ్యక్షుడు ఆసీనులయ్యారు. ప్రమాణం చేసిన వారందరి మెడలోనూ పార్టీ కండువాలే కనిపించాయి. పాత మండలికి గడువు ఇంకా మిగిలి ఉన్నా, ఎన్నికల ఫలితాలు వెలువడిన కొద్ది వారాలకే ఆ సభ్యుల చేత రాజీనామాలు ఇప్పించారు. వాళ్ళు పదవిలోకి వచ్చిన రోజున కూడా ఇదే తంతు నడిచింది, కండువా రంగు మాత్రమే వేరు. నిత్యం గుడికి వచ్చేవారిలో, ఉత్సవాలకు చందా ఇచ్చి దగ్గరుండి పని చేసేవారిలో ఒక్కరికీ మండలిలో చోటు దక్కలేదు.

నాకు ఏ పార్టీ మీదా ప్రత్యేకమైన కోపం లేదు. నేను అడుగుతున్నది ఒక్కటే. రాజ్యానికి మతం లేదని రాజ్యాంగం చెబుతూ ఉండగా, ఒక దేవాలయానికి ధర్మకర్త ఎవరో అధికార పార్టీ కార్యాలయంలో నిర్ణయం కావడాన్ని చట్టం ఎలా అనుమతిస్తోంది? దీనికి విరుగుడు ఉందా, లేక మనం అలవాటు పడవలసిందేనా?

తెల్లకాగితం

మూలవిరాట్టుకు పదవీకాలం నిర్ణయించలేదు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆయన చేత కూడా రాజీనామా లేఖ మీద సంతకం పెట్టించేవారు.

పాత_గుమస్తా

నేను ఆ శాఖలోనే ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందాను కనుక నా మాటను పక్షపాతంగా భావించినా ఫరవాలేదు, కానీ ప్రభుత్వం గుడిలోకి ఎందుకు వచ్చిందో తెలియకుండా బయటికి పొమ్మనడం తొందరపాటు అవుతుంది. 1920లలో మద్రాసు రాష్ట్రంలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం, పానగల్ రాజా ప్రధానమంత్రిగా (నేటి ముఖ్యమంత్రి వంటి పదవి) ఉండగా, హిందూ ధర్మాదాయ చట్టం తెచ్చింది. దాన్ని తెచ్చినవారు నాస్తికులు కారు. ఈనాం భూములు ధర్మకర్తల బంధువుల పేరు మీదికి జారిపోతున్నాయని, లెక్కలు అడిగే నాథుడు లేడని భక్తులే మొరపెట్టుకున్న కాలం అది. ఆంధ్రప్రదేశ్‌లో 1966లో ఒక చట్టం, చల్లా కొండయ్య కమిషన్ నివేదిక తరువాత 1987లో మరొక చట్టం వచ్చాయి. ఈ రెండవ చట్టమే వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని, అర్చకుల మిరాశీ (తరతరాలుగా సంక్రమించే) హక్కులను రద్దు చేసింది.

నేను చూసిన దస్త్రాలలో, పదుల ఎకరాల మాగాణి ఉన్న గుడికి ఏడాది పొడుగునా వచ్చే కౌలు నూనె ఖర్చుకు కూడా చాలని సందర్భాలు ఉన్నాయి. కౌలుదారు ఎవరని ఆరా తీస్తే ధర్మకర్త బావమరిది అని తేలేది. బహిరంగ వేలం పెట్టించిన మరుసటి సంవత్సరమే అదే పొలానికి అనేక రెట్లు కౌలు పలికింది. గోదారి_గట్టు గారు చెప్పిన కండువాల వ్యవహారం సిగ్గుచేటే, అందులో సందేహం లేదు. అయితే కండువా వేసుకున్న ధర్మకర్తను ఐదేళ్ళకైనా దించవచ్చు, కండువా లేని వంశపారంపర్య ధర్మకర్తను దించడానికి మూడు తరాలు కోర్టుల చుట్టూ తిరిగిన ఊళ్ళు ఉన్నాయి.

కృష్ణాతీరం

పాత_గుమస్తా గారి వాదన అంతా హిందూ దేవాలయాల దగ్గరే ఆగిపోవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. భూములు అన్యాక్రాంతం కావడం గుళ్ళకు మాత్రమే పట్టిన జబ్బా? చర్చి ఆస్తుల మీద నడుస్తున్న వ్యాజ్యాలు తక్కువా? ఒక మతం సంస్థలకు మాత్రం కార్యనిర్వహణాధికారిని నియమించి, హుండీ లెక్కించి, పరిపాలనా రుసుము అని, సర్వశ్రేయో నిధి అని ఆదాయంలో వాటా తీసుకుని, మిగిలిన మతాలకు స్వేచ్ఛ ఇచ్చే రాజ్యాన్ని లౌకిక రాజ్యం అనడం ఎలా సాధ్యం?

అక్షర_సాక్షి

కృష్ణాతీరం గారి మాటలో సగం నిజం ఉంది, ఆ సగం చర్చిలకు వర్తిస్తుంది. మసీదుల విషయంలో పరిస్థితి వేరు. 1995 వక్ఫ్ చట్టం ప్రకారం రాష్ట్ర వక్ఫ్ బోర్డును ఏర్పాటు చేసేదీ, ముఖ్య కార్యనిర్వహణాధికారిని నియమించేదీ రాష్ట్ర ప్రభుత్వమే. వక్ఫ్ ఆస్తిని చూసుకునే నిర్వాహకుడు, అంటే ముతవల్లీ, లెక్కలు చూపకపోతే తొలగించే అధికారం బోర్డుకు ఉంది, వక్ఫ్ ఆదాయంలో బోర్డుకు వాటా కూడా ఉంది. 2025 సవరణ చట్టం బోర్డులలో ముస్లిమేతరులకు స్థానం కల్పించినప్పుడు, అదే సంవత్సరం సెప్టెంబరులో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, 11 మంది ఉండే రాష్ట్ర బోర్డులో వారి సంఖ్య 3కు మించకూడదని పరిమితి పెట్టింది. ఏ పార్టీ అధికారంలోకి వస్తే ఆ పార్టీ వారే వక్ఫ్ బోర్డు అధ్యక్ష పీఠం మీద కనిపించడం మన రెండు రాష్ట్రాలలోనూ చూస్తున్నాం. గోదారి_గట్టు గారి గ్రామంలోని కండువాకు అక్కడ కూడా కొదవ లేదు.

కృష్ణాతీరం

వక్ఫ్ బోర్డు ఒక్కొక్క మసీదులో ఉద్యోగిని కూర్చోబెట్టి రోజువారీ ఆదాయం లెక్కించదు. పర్యవేక్షణకూ యాజమాన్యానికీ తేడా ఉంది. చర్చిల సంగతి మీరే ఒప్పుకున్నారు కాబట్టి దాని గురించి మళ్ళీ చెప్పను.

న్యాయ_పీఠిక

చర్చ పక్కదారి పట్టకముందే చట్టం ఏమంటుందో చూద్దాం. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛను ఇస్తూనే, రెండవ ఖండంలో, మతాచరణతో ముడిపడిన ఆర్థిక, ద్రవ్య, రాజకీయ, ఇతర లౌకిక కార్యకలాపాలను నియంత్రించే అధికారాన్ని రాజ్యానికి ఉంచింది. అదే ఖండం హిందూ ఆలయాల తలుపులను అన్ని వర్గాల హిందువులకూ తెరిపించే చట్టాలను కూడా కాపాడుతుంది. అంటే మన రాజ్యాంగం మొదటి నుంచీ గోడ కట్టలేదు, తలుపు పెట్టి తాళం చెవి ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ తాళం చెవిని ఎంతవరకు తిప్పవచ్చు అన్నదే డెబ్భై ఏళ్ళుగా కోర్టులు తేలుస్తున్న విషయం.

1954లో శిరూరు మఠం కేసులో, ఏ పూజ ఎలా చేయాలో నిర్ణయించే హక్కు ఆ మత శాఖదేనని, ఆస్తి నిర్వహణను మాత్రం చట్టం నియంత్రించవచ్చునని సుప్రీం కోర్టు గీత గీసింది. ప్రభుత్వం వసూలు చేస్తున్న చందా రుసుము కాదు, పన్నే అని కూడా అదే తీర్పు చెప్పి ఆ నిబంధనను కొట్టివేసింది. ఆ తరువాత వచ్చిన చట్టాలు అందువల్లనే ఆ వసూలును సేవలకు ప్రతిఫలంగా చూపించవలసి వచ్చింది. మన 1987 చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేయడాన్ని 1996లో సుప్రీం కోర్టు సమర్థించింది, కానీ 2007లో శాసనసభే సవరణ తెచ్చి అర్చక కుటుంబాలకు కొంత వెసులుబాటు ఇచ్చింది.

గోదారి_గట్టు గారికి అన్నిటికంటే పనికివచ్చేది 2014 జనవరిలో చిదంబరం నటరాజ ఆలయం విషయంలో వచ్చిన తీర్పు. నిర్వహణలో లోపం ఉంటే ప్రభుత్వం ప్రవేశించవచ్చు గానీ, ఆ లోపం సరిదిద్దగానే వెనక్కి ఇవ్వాలని, నిరవధికంగా కూర్చునే వీలు లేదని కోర్టు అందులో స్పష్టంగా చెప్పింది. అయితే ఆ ఆలయ అర్చక వర్గమైన పొదు దీక్షితులను కోర్టు ఒక మత శాఖగా గుర్తించడం ఆ తీర్పుకు ఆధారం కనుక, ఊరుమ్మడి శివాలయానికి దాన్ని యథాతథంగా వర్తింపజేయడం అంత తేలిక కాదు.

నిష్పక్షి

అందరూ ఆస్తుల గురించి మాట్లాడుతున్నారు, ఖజానా గురించి ఎవరూ మాట్లాడడం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇమాములకు నెలకు 10,000 రూపాయలు, అజాన్ పిలుపు ఇచ్చే మౌజన్లకు 5,000, పాస్టర్లకు 5,000 గౌరవ వేతనం ప్రకటించింది. చిన్న ఆలయాల అర్చకులకు ధూపదీప నైవేద్య పథకం ఉంది. 2019లో హజ్, జెరూసలేం యాత్రలకు తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇచ్చే సహాయాన్ని 60,000 రూపాయలకు పెంచారు. 2017 ఫిబ్రవరిలో తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు రాష్ట్ర ఏర్పాటు మొక్కు తీర్చుకుంటూ రాష్ట్ర ప్రభుత్వం తరఫున తిరుమల శ్రీవారికి 5 కోట్ల రూపాయలకు పైగా విలువైన ఆభరణాలు సమర్పించారు. మొక్కుకున్నది ఒకరు, చెల్లించినది మనమందరం.

ఒక మతానికి ఇచ్చారని మరొక మతానికి, ఆ మతానికి పెంచారని ఈ మతానికి పెంచుకుంటూ పోవడాన్ని సర్వమత సమభావం అని పిలుస్తున్నారు. నా దృష్టిలో ఇది అన్ని మతాల ఓట్లకూ సమానంగా ధర కట్టడం మాత్రమే. ఏ మతానికీ ప్రభుత్వ ఖజానా నుంచి ఒక్క రూపాయి వెళ్ళకూడదు, ఏ మత సంస్థ నుంచీ ప్రభుత్వానికి ఒక్క రూపాయి రాకూడదు. ఇంతకంటే సులువైన సూత్రం లేదు.

తెల్లకాగితం

నిష్పక్షి గారూ, ఏ మతమూ లేని నాలాంటివాడికి గౌరవ వేతనం ఎప్పుడు ప్రకటిస్తారో కనుక్కుని చెప్పండి. దరఖాస్తు సిద్ధంగా ఉంది.

పాత_గుమస్తా

సూత్రం సులువే, అమలు చేయడమే కష్టం. 2015 గోదావరి పుష్కరాల తొలిరోజున రాజమహేంద్రవరం ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. లక్షల మంది ఒక రేవుకు వస్తున్నప్పుడు బందోబస్తు, మంచినీళ్ళు, వైద్యం ఏర్పాటు చేయడం మతానికి చేసిన ఖర్చా, ప్రజల ప్రాణాలకు చేసిన ఖర్చా? మేడారం జాతరకైనా ఇదే ప్రశ్న వర్తిస్తుంది. ఒక్క రూపాయి కూడా అనడం రాయడానికే బాగుంటుంది.

నిష్పక్షి

బందోబస్తుకు నాకు అభ్యంతరం లేదు. క్రికెట్ మ్యాచ్‌కు కూడా పోలీసులను పంపుతారు, అంతమాత్రాన ప్రభుత్వం బ్యాటు పట్టదు. ఆభరణాలు, వేతనాలు, యాత్రా సహాయాలు ఆ కోవలోకి రావు.

న్యాయ_పీఠిక

నిష్పక్షి గారి సూత్రాన్ని మన కోర్టులు అంత కఠినంగా తీసుకోలేదు. ఏదైనా ఒక మతాన్ని పోషించడానికే ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ నిర్బంధించరాదని 27వ అధికరణం అంటుంది. 2011లో హజ్ రాయితీని సవాలు చేసినప్పుడు, మొత్తం పన్ను రాబడిలో గణనీయమైన భాగం ఒక మతానికి వెళితేనే ఆ అధికరణం ఉల్లంఘన అవుతుందని సుప్రీం కోర్టు చెప్పింది. మరుసటి సంవత్సరం వేరొక కేసులో అదే కోర్టు హజ్ రాయితీని 10 సంవత్సరాలలో క్రమంగా ఎత్తివేయమంది, కేంద్రం 2018లోనే ఆపేసింది. ఇంకొక సంగతి కూడా చాలామందికి తెలియదు. 290ఎ అధికరణం ప్రకారం తిరువాన్కూరు దేవస్వం (ఆలయాల నిర్వహణ) నిధికి కేరళ ఖజానా నుంచి ఏటా 46,50,000 రూపాయలు, తమిళనాడులోని దేవస్వం నిధికి ఆ రాష్ట్ర ఖజానా నుంచి 13,50,000 రూపాయలు చెల్లించాలని రాజ్యాంగమే ఆదేశిస్తోంది. సంస్థానం విలీనం అయినప్పుడు ఆలయ భూములు ప్రభుత్వానికి చేరినందుకు ఇది బదులు అని దాని వెనుక వాదన.

రాగి_రేకు

ప్రభుత్వం గుడి నుంచి తప్పుకున్న ముచ్చట మన చరిత్రలో ఒకసారి జరిగింది, దాన్ని ఎవరూ ప్రస్తావించకపోవడం వింతగా ఉంది. 1801లో చిత్తూరు ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక తిరుమల ఆలయ నిర్వహణ కూడా దాని చేతికే వచ్చింది. రాబడి కంపెనీకి చేరేది. విగ్రహారాధన సొమ్ముతో క్రైస్తవ ప్రభుత్వం బతకడం ఏమిటని ఇంగ్లండులో మిషనరీ వర్గాలు గొడవ చేయగా, కంపెనీ 1843లో ఆలయాన్ని హాథీరాంజీ మఠం మహంతులకు, అంటే మఠాధిపతులకు, అప్పగించి చేతులు దులుపుకుంది. 1863లో చట్టం చేసి మిగిలిన గుళ్ళ నుంచి కూడా ప్రభుత్వం తప్పుకుంది. అంటే రాజ్యం మతం నుంచి వైదొలగడం కూడా మరొక మతం వారి ఒత్తిడి వల్లనే జరిగింది.

ఆ తరువాత జరిగినదీ గుర్తుంచుకోవాలి. తిరుమలలో మహంతుల పాలన తొంభై ఏళ్ళు నడిచింది. ఆస్తుల దుర్వినియోగం మీద వ్యాజ్యాలు సాగాయి, చివరికి 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడి ప్రభుత్వం మళ్ళీ వచ్చి కూర్చుంది. రమ్మన్నవారిలోనూ భక్తులు ఉన్నారు, పొమ్మన్నవారిలోనూ భక్తులు ఉన్నారు. ఇప్పుడు పొమ్మంటున్నవారు ఎవరికి అప్పగించమంటున్నారో ముందు చెప్పాలి.

నిష్పక్షి

ఫ్రాన్సు 1905లో చట్టం చేసి ఒక్క దెబ్బతో మతాన్ని రాజ్యం నుంచి వేరు చేసింది. మనకు సంకల్పం లేదు, అంతే.

రాగి_రేకు

అదే చట్టం వల్ల 1905కు ముందు కట్టిన కేథడ్రళ్ళు ప్రభుత్వ ఆస్తిగా, ఊరి చర్చిలు చాలావరకు పురపాలక సంస్థల ఆస్తిగా మిగిలాయి. 2019లో కాలిన పారిస్ నోత్రదామ్ కేథడ్రల్ ఫ్రెంచి ప్రభుత్వానిదే. 1905 నాటికి జర్మనీ ఏలుబడిలో ఉన్నందున అల్సాస్, మొసెల్ ప్రాంతాలలో ఆ చట్టం ఈనాటికీ వర్తించదు, అక్కడ కేథలిక్ ఫాదరీలకు, ప్రొటెస్టంటు పాస్టర్లకు, యూదు రబ్బీలకు జీతం ప్రభుత్వమే ఇస్తోంది. టర్కీ మరీ విచిత్రం. లౌకిక గణతంత్రం అని ప్రకటించుకుని, 1924 నుంచీ ఇమాములను నియమించే ప్రభుత్వ శాఖనే నడుపుతోంది. ఒక్క దెబ్బతో తెగిన చోటు నాకైతే కనిపించలేదు.

వెన్నెల_వాకిలి

మీరందరూ గుడి, మసీదు, చర్చి భవనాల గురించి మాట్లాడుతున్నారు. నాకు రాజ్యం, మతం కలిసిన చోటు తహసీల్దారు కార్యాలయం. మా తాతగారి కాలం నుంచీ మా ఇంట్లో ఆదివారం ప్రార్థనకు వెళతాం. మా వాడలో సగం ఇళ్ళలో గోడ మీద సిలువ ఉంటుంది, బీరువాలో హిందూ ఎస్సీ ధ్రువపత్రం ఉంటుంది. ఎందుకంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఇచ్చారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. క్రైస్తవులమని నిజం చెప్పినవారికి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి అనే వర్గం కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది.

మా చిన్నాన్న కూతురు ఉద్యోగానికి ఎంపికైనప్పుడు ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. విచారణకు వచ్చిన అధికారి మా పెళ్ళి ఆల్బం తిరగేసి, పెళ్ళి ఎక్కడ జరిగింది, తాళి కట్టారా, ఉంగరాలు మార్చుకున్నారా అని అడిగాడు. మాల పల్లెలో, మాదిగ పల్లెలో బావి నీళ్ళు విడిగా తోడుకున్న రోజుల్లో ఎవరూ మమ్మల్ని ఈ ప్రశ్న అడగలేదు. రాజ్యానికి మతం లేదన్నారు సరే, మరి మా మతం ఏమిటో తేల్చే పని దానికి ఎందుకు పడింది?

కృష్ణాతీరం

మీ బాధ అర్థమైంది, కానీ వాదనతో ఏకీభవించలేను. అంటరానితనం హిందూ సమాజంలోని దురాచారం కనుక దానికి పరిహారంగా ఆ హోదా వచ్చింది. మతం మారినప్పుడు కులం ఉండదని బోధిస్తూ, రిజర్వేషన్ దగ్గర మాత్రం కులం ఉందనడం పొసగదు. 2024 నవంబరులో సుప్రీం కోర్టు కూడా క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడాన్ని అంగీకరించలేదు.

వెన్నెల_వాకిలి

బోధించినది పాస్టరు గారు, ఊరు కాదు. ఊరు మా కులాన్ని ఒక్క రోజు కూడా మరిచిపోలేదు, చర్చిలో కూడా పై కులాల నుంచి వచ్చినవారి సమాధులు వేరుగా ఉన్న చోట్లు ఉన్నాయి. పైగా ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు. గిరిజనుడు ఏ దేవుణ్ణి కొలిచినా గిరిజనుడే. అదే సూత్రం మాకు ఎందుకు వర్తించదో ఇంతవరకు ఏ పార్టీ నాయకుడూ సూటిగా చెప్పలేదు. ఎన్నికలు దగ్గర పడినప్పుడు శాసనసభలో తీర్మానం చేస్తారు, 2023 మార్చిలో కూడా చేశారు, కేంద్రానికి పంపి అక్కడితో వదిలేస్తారు.

రాత్రి_రైలు

ఎన్నికల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మతం పేరుతో ఓటు అడగడం నేరం కదా? మరి ప్రతి ప్రచారమూ గుడి మెట్ల దగ్గరే మొదలవుతుందేం?

న్యాయ_పీఠిక

ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షను కింద అది అవినీతికరమైన చర్య. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో, అభ్యర్థి మతాన్ని మాత్రమే కాదు, ఓటరు మతాన్ని ప్రస్తావించి ఓటు అడిగినా ఈ సెక్షను వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. కానీ దీన్ని నిరూపించడానికి ఫలితం వచ్చిన 45 రోజులలోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి, మాట్లాడినది అభ్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, అతని సమ్మతితో మరొకరు గానీ అని సాక్ష్యం చూపాలి. గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయ కొట్టి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోతే ఈ సెక్షను పట్టుకోదు. ఫోటో మాట్లాడవలసినదంతా మాట్లాడుతుంది.

పంజాబ్ సంక్షోభం నేపథ్యంలో 1988లో మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం వచ్చింది. మత సంస్థ ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు వాడనిస్తే నిర్వాహకుడికి శిక్ష ఉంటుంది. గోదారి_గట్టు గారూ, కండువాలతో జరిగిన ఆ ప్రమాణ స్వీకారం గుడి ఆవరణలోనే జరిగి ఉంటే ఈ చట్టాన్ని ఒకసారి చదవండి. అది దీని కిందికి వస్తుందని హామీ ఇవ్వలేను, కానీ ఫిర్యాదు రాయడానికి పనికివస్తుంది.

గర్భగుడి_గడప

నేను చిన్న ఆలయంలో అర్చకుణ్ణి. ఇంతసేపూ మా గురించి మీరు మాట్లాడుకోవడం చదివి రాయాలనిపించింది. మా నాన్నగారి కాలంలో ధర్మకర్త పెద్ద భూస్వామి. నైవేద్యానికి బియ్యం కావాలంటే ఆయన వాకిట్లో నిలబడాలి, ఆయన నిద్ర లేచేదాకా స్వామివారికి బాలభోగం లేదు. ఇప్పుడు ధూపదీప నైవేద్యం కింద నెలకు 10,000 రూపాయలు బ్యాంకులో పడుతున్నాయి. ఎవరి వాకిట్లోనూ నిలబడడం లేదు. అందువల్ల ప్రభుత్వం తప్పుకోవాలని నిష్పక్షి గారు అంత తేలికగా అంటుంటే నాకు భయం వేస్తుంది.

కానీ ఆ పథకంలో పేరు చేర్చడానికి నేను ఎంతమంది నాయకుల ఇళ్ళకు తిరిగానో కూడా చెప్పాలి. శాసనసభ్యుడి సిఫారసు లేఖ లేనిదే దస్త్రం కదలదని ఒక కార్యాలయంలో ముఖం మీదే చెప్పారు. బ్రహ్మోత్సవాల కరపత్రంలో స్వామివారి బొమ్మ కంటే నాయకుల బొమ్మలు పెద్దవిగా ఉంటున్నాయని అన్నందుకు మండలి అధ్యక్షుడు నాతో నెల రోజులు మాట్లాడలేదు. భూస్వామి అయితే ఒక్కడే, ఆయన కోపతాపాలు మాకు తెలుసు. ఇప్పుడు ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ కొత్త యజమాని వస్తాడు.

గోదారి_గట్టు

గర్భగుడి_గడప గారి మాట చదివాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ప్రభుత్వం నియమించడం వద్దు, వంశపారంపర్యం వద్దు. భక్తుల జాబితా తయారు చేసి, వారే ధర్మకర్తలను ఎన్నుకుంటే సరిపోదా? ప్రభుత్వం లెక్కల తనిఖీకి పరిమితం కావచ్చు.

అక్షర_సాక్షి

ఆ ప్రయోగం దేశంలో వందేళ్ళుగా నడుస్తోంది. 1925 సిక్కు గురుద్వారాల చట్టం ప్రకారం శిరోమణి గురుద్వారా ప్రబంధక కమిటీకి సిక్కు ఓటర్లే సభ్యులను ఎన్నుకుంటారు. మహంతుల చేతి నుంచి గురుద్వారాలను విడిపించడానికి పెద్ద ఉద్యమం నడిపి, ప్రాణాలు పోగొట్టుకుని సాధించుకున్న హక్కు అది. ఫలితం ఏమిటంటే, కమిటీ ఎన్నికలు సిక్కుల పార్టీ అయిన అకాలీదళ్ రాజకీయాలకు మొదటి మెట్టు అయ్యాయి, కమిటీ మీద పట్టు ఉన్న పార్టీకి పంజాబ్‌లో ఆ బలం వేరు. పైగా ఓటరు ఎవరు అన్న దగ్గర, అంటే నిజమైన సిక్కు ఎవరు అన్న దగ్గర, ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. సాధారణ ఎన్నికలు చివరిసారి జరిగింది 2011లో. మీ గ్రామంలో భక్తుల జాబితా ఎవరు తయారు చేస్తారు? వెన్నెల_వాకిలి గారి వాడ నుంచి గుడికి వచ్చేవారి పేర్లు అందులో ఉంటాయా?

తెల్లకాగితం

ఉంటాయి. ఓటర్ల జాబితాలో చనిపోయినవారి పేర్లు ఉన్నట్టే, భక్తుల జాబితాలో నాస్తికుల పేర్లు కూడా ఉంటాయి. నా పేరు చూసుకోవడానికి నేనే వస్తాను.

కృష్ణాతీరం

పంజాబ్‌లో రాజకీయం వచ్చినా అది ఆ మతస్థుల రాజకీయం. వారి ధనం మీద నిర్ణయం వారిదే. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం బోర్డుకు సభ్యులు చాలక 50 మందికి పైగా ప్రత్యేక ఆహ్వానితులను ప్రభుత్వం నియమిస్తే హైకోర్టు నిలిపివేయవలసి వచ్చింది. 2024లో తిరుమల లడ్డూ నెయ్యిలో కల్తీ ఆరోపణల మీద పార్టీలు పత్రికా సమావేశాలు పెట్టి కొట్టుకుంటే, దేవుళ్ళను రాజకీయాలకు దూరంగా ఉంచమని సుప్రీం కోర్టు చెప్పవలసి వచ్చింది. అక్షర_సాక్షి గారు చూపిన లోపాలు ఉన్నా, ఎన్నుకున్న మండలినే నేను కోరుకుంటాను. కనీసం ఓడించే హక్కు భక్తుడి చేతిలో ఉంటుంది.

రాగి_రేకు

మొదటిసారి కృష్ణాతీరం గారితో సగం దూరం నడవగలుగుతున్నాను. మిగిలిన సగం ఏమిటంటే, గుడి తలుపు అన్ని కులాలకూ తెరిపించినది ఎన్నుకున్న మండళ్ళు కావు. 1936లో తిరువాన్కూరులో రాజశాసనం, 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం తెరిపించాయి. ఆ రోజుల్లో భక్తుల ఓటు తీసుకుని ఉంటే ఫలితం ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు.

పాత_గుమస్తా

వాదన ఎటు తేలినా, గోదారి_గట్టు గారు ఈలోగా చేయగలిగిన పని ఒకటి ఉంది. మండలి నియామకానికి దరఖాస్తులు కోరుతూ ప్రకటన వెలువరించారా, ఎంతమంది దరఖాస్తు చేశారు, సభ్యుల అర్హతలను ఎవరు పరిశీలించారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. దానితో పాటు ఆలయ ఆస్తుల రిజిస్టరు నకలు, గత మూడేళ్ళ కౌలు వేలం పత్రాలు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఆలయ సర్వే నంబర్లు అన్నీ ఉన్నాయో లేదో కూడా అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. కండువా మీద ఫిర్యాదు చేస్తే నవ్వి ఊరుకుంటారు. సర్వే నంబరు మీద ఫిర్యాదు చేస్తే కుర్చీలో కదలిక వస్తుంది.

గోదారి_గట్టు

దరఖాస్తు ఈ వారంలోనే వేస్తాను. ప్రకటన వెలువరించినట్టు మా గ్రామంలో ఎవరికీ తెలియదు, నోటీసు బోర్డు మీద చూసినవారూ లేరు. న్యాయ_పీఠిక గారూ, ప్రమాణ స్వీకారం జరిగింది ముఖమండపంలోనే. ఫోటోలు ఉన్నాయి.

న్యాయ_పీఠిక

ఫోటోలను తేదీ కనిపించేలా భద్రపరచండి. మండపం గుడి ఆవరణలో భాగమని చూపించే నక్షా కూడా ఆ దరఖాస్తులోనే అడగండి.